కూలికి నోరున్నదా?



మంజీరపై 1931లో నిజాంసాగరు పూర్తియైనది. ఆ నీటితో చెరకు పెరిగినది. 1937లో బోధను శక్కర్‌నగరున నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. 2015 డిసెంబరులో అది మూతబడినను చెరకు మన మాటలలోనుండి పోలేదు. “వానిని పీల్చి పిప్పి చేసిరి” అందుము. ఆ మనుష్యుని ఎవరును గానుగలో పెట్టలేదు. సత్తువంతయు లాగుకొని విడిచిరని భావము. శుభవార్త తెచ్చినవానితో “నీ నోట్లో శక్కెర పొయ్య” అందుము. అతడు నోరు తెరచి నిలువడు.

మన అలంకార శాస్త్రములో దీనికి లక్షణ యని పేరు. మాట యొక్క ముఖ్యార్థము అక్కడ పొసగదు. అప్పుడు దానికి సంబంధించిన వేరొక అర్థమును గ్రహింతుము. ఈ సంగతి కనిపెట్టకయే శిష్యులు తడబడిరి. పరిసయ్యుల పులిసిన పిండి విషయమై ప్రభువు హెచ్చరింపగా, తాము రొట్టెలు తేలేదు గదా యని చింతించిరి (మత్తయి 16:5-12). లాజరు మరణమును ఆయన నిద్ర యనగా, నిద్ర పట్టినచో రోగము కుదురునని తలంచిరి (యోహాను 11:11-14). ఇది మన బైబిలు తరగతులలో నేటికిని జరుగుచునే యున్నది.

అయితే దీనికంటె కీడైన పొరపాటు మరియొకటి కలదు. వచనములో ఒక్క మాట అలంకారమని తెలియగానే వచనమంతయు అలంకారమే యనుకొనుట. యాకోబు 5:4 చూడుడి. ధనవంతుల పొలములలో కోత కోసినవారికి చెల్లింపని కూలి కేకలు వేయుచున్నదనియు, కోతవారి కేకలు దేవుని చెవులకు చేరెననియు అతడు వ్రాసెను. కూలికి నోరు లేదు, కేక అలంకారము. దేవుడు ఆత్మ గనుక చెవులును అలంకారమే. కాని పొలము పొలమే, కోత కోతయే, ఎగగొట్టిన కూలి రొక్కమే. “ఇది ఆత్మీయమైన కూలి” యని వ్యాఖ్యానించువారిని నేను విన్నాను. వారు ద్వితీయోపదేశకాండము 24:14-15 చదువవలెను. బీదవాని కూలి ఆ దినమే, సూర్యుడు అస్తమింపక మునుపే ఇయ్యవలెనని అక్కడ ఆజ్ఞ. ఆ సూర్యుడు మన పొలములమీద అస్తమించు సూర్యుడే.

చెరకు నరుకుటకు వచ్చినవాడు “నన్ను పిప్పి చేసిరయ్యా” అనినప్పుడు పిప్పి యొక్కటే అలంకారము. ఎన్ని దినముల కూలి రావలెనో అడిగినచో అతడు వ్రేళ్లమీద లెక్కించి చెప్పును.