ప్రమాద సమయంలో మన దేహం – మన కర్తవ్యం

“బతికుంటే బలుసాకు తినవచ్చు” అని మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రాణాన్ని మించిన ధనం లేదు. మనమందరం జీవశాస్త్రంలో శ్వాసక్రియ, రక్తప్రసరణ, అస్థిపంజరం చదువుకుంటాం. పటాలు గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుంటాం. అదే పాఠం రోడ్డు మీద పడి ఉన్న మనిషి ప్రాణం నిలబెట్టడానికి ఎలా ఉపయోగపడుతుందో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు తెలియజేయాలనే ఉద్దేశంతో మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

మన సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఒకప్పుడు దీని నంబరు 9, ఇప్పుడు 65. మిర్యాలగూడ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఉంది. ఈ రెండు రోడ్ల మీద రాత్రింబవళ్ళు బస్సులు, లారీలు, రైస్ మిల్లులకు ధాన్యం తీసుకెళ్ళే ట్రాక్టర్లు తిరుగుతూనే ఉంటాయి. 2014 డిసెంబరు 6న సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ ఆకుపాముల దగ్గర, 2018 ఆగస్టు 29న ఆయన తండ్రి హరికృష్ణ నల్లగొండ సమీపంలోని అన్నెపర్తి దగ్గర రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారు పేరున్నవారు కనుక ఆ సంగతి రాష్ట్రమంతా తెలిసింది. పేరు ఎవరికీ తెలియని కూలీలు, రైతులు, మనలాంటి విద్యార్థులు కూడా ఇవే రోడ్ల మీద ప్రాణాలు కోల్పోతున్నారు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. తర్వాత ఎన్నో రాష్ట్రాలకు విస్తరించింది. ఫోను చేస్తే ఉచితంగా వస్తుంది. అందులో బండి నడిపే పైలట్, ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ ఉంటారు. అయితే వారు ఎంత వేగంగా వచ్చినా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలు మాత్రం పక్కనున్న వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. అప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అనే వరుసను మన శరీర నిర్మాణమే నేర్పుతుంది.

1. మొదట ఊపిరి

మెదడుకు ఆక్సిజన్ అందకపోతే 4 నుండి 6 నిమిషాల్లోనే దాని కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. చనిపోయిన మెదడు కణాలు చర్మం మాదిరిగా తిరిగి పెరగవు. అందుకే అన్నింటికన్నా ముందు ఊపిరి చూడాలి.

మనిషి స్పృహ తప్పితే కండరాలన్నీ వదులవుతాయి. నాలుక కూడా కండరమే. వెల్లకిలా పడి ఉన్నప్పుడు అది వెనక్కి జారి గొంతును మూసేస్తుంది. తల కింద దిండు పెడితే మెడ ముందుకు వంగి దారి ఇంకా మూసుకుపోతుంది. కాబట్టి తల కింద ఏమీ పెట్టరాదు. నుదురును మెల్లగా వెనక్కి వంచి గడ్డం పైకి లేపితే నాలుక పక్కకు తొలగి గాలి దారి తెరుచుకుంటుంది. మెడకు దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే తల వంచకుండా దవడను రెండు వైపులా పట్టి ముందుకు లేపాలి.

నీళ్ళు తాగించడం మనవాళ్ళు ప్రేమతో చేసే పని. కాని అది ప్రమాదకరం. మనం మింగేటప్పుడు ఉపజిహ్విక అనే చిన్న మూత శ్వాసనాళాన్ని కప్పుతుంది. స్పృహ లేనివారిలో ఈ కాపలా సరిగా పనిచేయదు. నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

2. గుండె

గుండె ఒక పంపు. విశ్రాంతిలో ఉన్న పెద్దవారిలో నిమిషానికి 60 నుండి 100 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెడుతుంది. అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు!

పిలిచినా పలకక, ఊపిరి ఆగిపోయినా లేక అప్పుడప్పుడు ఎగశ్వాస మాత్రమే తీస్తున్నా గుండె ఆగిందని భావించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. దీనినే సీపీఆర్ అంటారు. గుండె రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య ఉంటుంది. ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కితే గుండె ఆ రెండు ఎముకల మధ్య నలిగి రక్తం మెదడుకు వెళుతుంది. వదిలినప్పుడు మళ్ళీ నిండుతుంది. నిమిషానికి 100 నుండి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా నొక్కాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ మన ప్రాంతానికి అన్నం పెడుతుంది. అందులో మునిగిపోయేవారూ ఉన్నారు. నీటిలో మునిగినవారికి మొదట లోపించేది ఆక్సిజన్. అందుచేత ముందు నోటితో ఊపిరి ఇచ్చి, తర్వాత 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఇస్తూ పోవాలి. మనం వదిలే గాలిలో ఇంకా దాదాపు 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది. అది చాలు. కడుపు నొక్కి నీళ్ళు కక్కించడానికి ప్రయత్నించరాదు.

3. రక్తం

మన శరీరంలో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 50 కిలోల విద్యార్థికి మూడున్నర లీటర్లు అన్నమాట. అందులో లీటరు పోతే చర్మం చల్లబడి, చెమటలు పట్టి, నాడి వేగం పెరుగుతుంది. ఇంకా పోతే స్పృహ తప్పుతుంది. ధమని తెగితే ఎర్రని రక్తం గుండె లయతో చిమ్ముతుంది. సిర తెగితే ముదురు రంగు రక్తం ధారగా కారుతుంది. రెండింటికీ మొదటి మందు ఒకటే. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి. తడిసిపోతే దానిమీదే ఇంకో గుడ్డ వేయాలి గాని మొదటిది తీయరాదు. పసుపు, కాఫీ పొడి, మట్టి వేయరాదు.

బయటకు చుక్క రక్తం కనిపించకపోయినా ప్రమాదం ఉండవచ్చు. తొడ ఎముక విరిగితే తొడలోనే లీటరుకు పైగా రక్తం పోవచ్చు. కడుపులో కుడి వైపు కాలేయం, ఎడమ వైపు ప్లీహం పక్కటెముకల కింద ఉంటాయి. ట్రాక్టరు స్టీరింగో, బండి హ్యాండిలో గుద్దుకుంటే ఇవి చిట్లుతాయి. “నాకేం కాలేదు” అని లేచి నడిచినవాడు గంట తర్వాత కూలబడడానికి కారణం ఇదే.

4. వెన్నెముక

వెన్నెముకలో 33 వెన్నుపూసలు. అందులో మెడలోనివి 7. వీటి మధ్యగా వెన్నుపాము పోతుంది. మన ఊపిరి పీల్చే ముఖ్య కండరమైన ఉదరవితానానికి నాడులు మెడ భాగం నుండే బయలుదేరుతాయి. విరిగిన వెన్నుపూస కదిలి అక్కడ వెన్నుపామును తెంపితే కాళ్ళూ చేతులూ పడిపోవడమే కాదు, ఊపిరీ ఆగవచ్చు. కాళ్ళు ఒకరు, చేతులు ఒకరు పట్టి ఆటోలో కుక్కడం ఎంత హానికరమో దీనిని బట్టి తెలుస్తుంది. మంటలు, వాహనాల రాకపోకల వంటి అపాయం లేకపోతే పడినచోటనే కదలకుండా ఉంచాలి. వాంతి చేసుకుంటే మాత్రం తల, మెడ, నడుము ఒకే దుంగలాగా కలిపి ముగ్గురు నలుగురు పట్టి పక్కకు తిప్పాలి. ఎందుకంటే ఊపిరి తర్వాతే వెన్నెముక.

5. పురుగుల మందు

పొలం పనులు ఉన్న ప్రతి ఊరికీ ఈ సంగతి అవసరం. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నాడులకూ కండరాలకూ మధ్య జరిగే సమాచారాన్ని ఆగనివ్వవు. దాంతో నోటి వెంట చొంగ, చెమటలు, చిన్నబడిన కంటిపాపలు, ఊపిరితిత్తుల్లో నీరు కనిపిస్తాయి. వాంతి చేయించరాదు. తడిసిన బట్టలు తీసి చర్మాన్ని సబ్బుతో కడగాలి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. నోటితో ఊపిరి ఇవ్వరాదు. మందు డబ్బాను తప్పక ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

6. భయం వద్దు

“కేసులో ఇరుక్కుంటామేమో” అని చాలామంది తొలగిపోతారు. సహాయం చేసినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ చేరింది. దాని ప్రకారం మంచి మనసుతో సాయపడిన వారిపై కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

108కి ఫోను చేసినప్పుడు చెప్పవలసినవి: దగ్గరి ఊరి పేరు, కిలోమీటరు రాయి మీది అంకె, హైదరాబాదు వైపు వెళ్ళే దారా, విజయవాడ వైపు వెళ్ళే దారా, ఎంతమందికి దెబ్బలు, స్పృహ ఉందా లేదా. వాళ్ళు పెట్టేయమనేదాకా ఫోను పెట్టేయరాదు.

గుర్తుంచుకోవలసినవి

* ముందు మన రక్షణ, తర్వాత ఫోను.
* ఊపిరి, గుండె, రక్తం, వెన్నెముక – ఇదే వరుస. రక్తం చిమ్ముతుంటే మాత్రం ఒకరు వెంటనే అదిమి పట్టాలి.
* నీళ్ళు తాగించవద్దు. తల కింద దిండు పెట్టవద్దు.
* గుంపును దూరం జరిపి గాలి ఆడనివ్వాలి.

మిత్రులారా! పండుగ సెలవులకు ఊళ్ళకు పోయేటప్పుడు ఇవే రోడ్ల మీద ప్రయాణిస్తాం. మనలో కొందరు రేపు నర్సులు, డాక్టర్లు, ఈఎంటీలు కావచ్చు. కాకపోయినా ఈ నాలుగు మాటలు ఇంట్లో అమ్మానాన్నలకు, ఊళ్ళో ఆటో నడిపే అన్నలకు చెబుదాం. సీపీఆర్ చదివితే వచ్చేది కాదు, చేస్తేనే వస్తుంది. కాబట్టి మన హాస్టల్‌కు 108 సిబ్బందినో, ఆరోగ్య కేంద్రం వారినో పిలిపించి అందరం ఒక్కసారైనా నేర్చుకుందాం. పరీక్షలో తప్పితే మళ్ళీ రాయవచ్చు. ఆ నాలుగు నిమిషాలు తప్పితే మళ్ళీ రావు.