చిల్లులు లేని సావేజ్

ఇండియాలో ఉన్నన్నాళ్ళూ నేను దగ్గరగా చూసిన తుపాకులు రెండే రకాలు. బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు భుజాన వేలాడే డబుల్ బ్యారెల్ ఒకటి, మా చిత్తూరు జిల్లా పల్లెల్లో అడవిపందుల కోసం ఎవరికీ చెప్పకుండా దాచుకునే నాటు తుపాకి ఇంకొకటి. మూడో రకాన్ని పుస్తకాల్లోనే చూశాను. బెంగళూరు నుంచి వచ్చి మా మామండూరు, చామల అడవుల్లో పులుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలోది .405 వించెస్టర్, 1895 మోడల్. ట్రిగ్గర్ కింద వంకీలా ఉన్న మీటను కిందికి లాగి పైకి కొడితే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికి పోతుంది. దాన్నే లీవర్ యాక్షన్ అంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో ఆ వేటల కాలం ముగిసింది. ముగియడమే మంచిదైంది.

పెన్సిల్వేనియాలో స్థిరపడ్డాక చూస్తే ఇక్కడ జింకల వేట లైసెన్సుతో, లెక్కతో సాగే వ్యవహారం. నేను పనిచేసిన మిల్లులో సీజన్ మొదటి రోజున సగం మెషిన్లకు మనిషి ఉండేవాడు కాదు. అక్కడి సహోద్యోగి ఒకాయన దగ్గర చూసి మనసు పడ్డది సావేజ్ 99 అనే లీవర్ రైఫిల్ మీద. పిల్లల చదువులు, ఇంటి అప్పు తీరి రిటైరయ్యాక గానీ అది చేతికి రాలేదు. ఇప్పుడు మనవాళ్ళ పిల్లలు "అంకుల్, పాత లీవర్ రైఫిల్ కొనాలని ఉంది, ఏం చూడాలి?" అని ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను.

1. ముందు మీ కాగితాలు చూసుకోండి

వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది గానీ, దాన్ని మీ అంతట మీరే అన్వయించుకోకండి, లాయరును అడగండి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఈ అడ్డు లేదు. షాపులో కొంటే 4473 అనే ఫారం నింపాలి, వాళ్ళు నేపథ్యం తనిఖీ చేస్తారు. ఆ ఫారంలో ఒక్క అబద్ధం రాసినా అది నేరం. స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మన మొహమాటాలు ఇక్కడ పనికిరావు.

2. పేరు చూసి కాదు, కడుపు చూసి ఎంచుకోండి

లీవర్ రైఫిల్ అనగానే అందరి కళ్ళముందూ మెదిలేది సినిమాల్లోని వించెస్టర్. జాన్ బ్రౌనింగ్ గీసిన 1894 మోడల్ డెబ్బై లక్షలకు పైగా తయారైంది. తేలిగ్గా ఉంటుంది, సన్నగా ఉంటుంది, చేతికి ఇట్టే అమరుతుంది. అయితే అందులో తూటాలు గొట్టం కిందున్న ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. ఒకదాని ముక్కు ముందుదాని అడుగున పేలే బిళ్ళకు, అంటే ప్రైమర్‌కు, ఆని ఉంటుంది కాబట్టి మొనదేలిన గుండు వాడితే పేలినప్పటి కుదుపుకు లోపలే ఇంకోటి అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే వాటికి మొద్దు ముక్కు గుండ్లు వాడతారు. పైగా ఖాళీ తూటా నెత్తి మీదుగా ఎగురుతుంది గనక పాతవాటికి స్కోపును నడినెత్తిన బిగించడం కుదరదు. 1948లో వచ్చిన మార్లిన్ 336 పక్కకు విసురుతుంది, ఆ చిక్కు దానికి లేదు.

ఆర్థర్ సావేజ్ అసలు వేరే దారి పట్టాడు. ఈయన జమైకాలో పుట్టినవాడు, న్యూయార్క్ రాష్ట్రం యూటికాలో కంపెనీ పెట్టాడు. ఆయన 1899 నమూనాలో తూటాలు జాతర రంగులరాట్నంలో పిల్లల్లా ఒక ఇరుసు చుట్టూ కూర్చుంటాయి. ముక్కు ఎవరికీ తగలదు కాబట్టి మొనదేలిన గుండు హాయిగా వాడుకోవచ్చు. గుండు మొన తేలితే గాలిని బాగా కోసుకుపోతుంది, దూరం పోయినా వేగం నిలుస్తుంది. ఎడమ పక్క చిన్న కిటికీలో ఇంకా ఎన్ని తూటాలున్నాయో అంకె కనిపిస్తుంది. బయటికి కనిపించే సుత్తి లేదు. ఎక్కుపెట్టి ఉంటే పైన ఓ చిన్న గుర్తు బొటనవేలికి తగులుతుంది, చీకట్లోనైనా తెలిసిపోతుంది. 19వ శతాబ్దంలో ఒక మనిషి ఇంత దూరం ఆలోచించాడంటే, మెషిన్ల మధ్య బతుకు గడిపిన నాకు ఇప్పటికీ ముచ్చటే. తరవాత పేరును 99గా కుదించి, 20వ శతాబ్దం చివరి దాకా చేస్తూనే ఉన్నారు.

పెన్సిల్వేనియాలో ఇంకో సంగతి. జింకల మీదికి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పనికిరాదు, చేత్తో తిప్పేదే ఉండాలి. లీవర్‌కు ఇక్కడ ఇంకా చలామణీ ఉందంటే అదొక కారణం.

3. దొరికే చోట్లు

గన్ షోల్లో బేరాలు చూడ్డానికి సరదాగా ఉంటాయి, కొనడానికి మాత్రం కాదు. వెలుతురు చాలదు, వెనక జనం తోస్తుంటారు, విప్పి చూడనివ్వరు. పెద్దాయన పోయాక ఇంటి సామానంతా వేలం వేసే చోట్లు నయం. అంతకంటే నయం ఊరి చివర, గడ్డివిత్తనాలూ చేపల గాలాలూ అమ్ముతూ వెనక గోడకు పది పాత తుపాకులు ఆనించిన దుకాణం. నాది అలాంటి చోటే దొరికింది: 99-ఈజీ (EG) రకం, .300 సావేజ్, 1950ల మధ్య నాటిది. కంపెనీ అప్పటికి మసాచుసెట్స్‌లోని చికోపీ ఫాల్స్‌కు మారింది, గొట్టం మీద ఆ పేరే ఉంది. ఆ కాలపు సావేజ్‌లకు లీవర్ మొదట్లో చిన్న కోడిగుడ్డు గీతలో ఒక ఇంగ్లీషు అక్షరం కొట్టి ఉంటుంది. 1949కి 'ఏ'తో మొదలుపెట్టి ఏడాదికో అక్షరం చొప్పున నడిపారు. అమ్మేవాడు చెప్పే కథ కంటే ఆ అక్షరాన్ని నమ్మండి.

4. చిల్లులు లెక్కపెట్టండి

ఈ రాతలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. పాత రైఫిల్‌లో అరిగినదాన్ని బాగుచేయించవచ్చు, విరిగిన స్ప్రింగు వెతికి తెప్పించవచ్చు. ఉక్కులో కొత్తగా వేసిన చిల్లును ఎవడూ పూడ్చలేడు. మరమేకు బిగించి, నల్లరంగు పూసి కప్పుతారు, అంతే.

1950ల మొదట్లో సావేజ్ వాళ్ళే స్కోపు కోసం రిసీవర్ (యంత్రం ఉండే ఉక్కు ఒళ్ళు) పైన రంధ్రాలు వేసి పంపడం మొదలుపెట్టారు. అంతకు ముందు తయారైనవాటికి రెండో ప్రపంచయుద్ధం తరవాత స్కోపుల మోజు పట్టుకుంది. ఊరూరా డ్రిల్లు ఉన్న ప్రతివాడూ గన్‌స్మిత్ అయిపోయాడు. వంకరగా పడ్డ రంధ్రాలు, రెండోసారి వేసిన రంధ్రాలు, కంపెనీ పేరు మీదే పడ్డ రంధ్రాలు నేను చాలా చూశాను. మీకు కావలసింది వేటకే అయితే అలాంటిది తక్కువకు వస్తుంది, తిట్టుకుంటూనైనా కొనుక్కోండి. కానీ ఏ చిల్లూ లేని యుద్ధానికి ముందటి రైఫిల్ చేతికొస్తే దానికి డ్రిల్లు పెట్టే హక్కు, డబ్బిచ్చి కొన్నా సరే, మీకు లేదని నా అభిప్రాయం. స్కోపు కావాలంటే కంపెనీ రంధ్రాలతో వచ్చిన 1950ల నాటిదో, ఆ తరవాతిదో చూసుకోండి. రెండింటిలో ఏది కావాలో కొనకముందే తేల్చుకోవాలి. నేను చివరికి 1950ల రైఫిల్ దగ్గర ఆగింది అందుకే.

చెక్కకూ ఇదే మాట. దెబ్బ తగ్గుతుందని మడమ కోసేసి రబ్బరు ప్యాడ్ అతికించినవి కొల్లలు. కోసిన చెక్క మళ్ళీ పెరగదు. భుజం పట్టీ కోసం వేసిన మేకుల గుర్తులు కూడా చూడండి.

5. చెక్క, తరవాత గొట్టం

99కి చెక్క చీలేది ఒక్కచోటే: ఉక్కు మెడ వెనక్కి వచ్చి చెక్కను కలిసే దగ్గర. పేలిన ప్రతిసారీ దెబ్బ అక్కడే పడుతుంది. మడమ ప్లేటు విప్పితే లోపల పొడవాటి బోల్టు ఉంటుంది, మొత్తం చెక్కను పట్టి ఉంచేది అదే. ఎండాకాలం, చలికాలం మారుతూ చెక్క ముడుచుకుంటే ఆ బోల్టు వదులవుతుంది, వదులైన చెక్క చీలుతుంది. సన్నటి వెంట్రుక చీలికైతే మంచి పనివాడు జిగురుతో నిలబెడతాడు.

గొట్టంలోకి దీపం వేసి చూడండి. పాత రోజుల ప్రైమర్లలో ఉప్పు మిగిలేది. అది గాలిలోని తేమను పీల్చుకుని రాత్రికి రాత్రే ఉక్కును తినేసేది. అలా పోయిన గొట్టం లోపల మంచు పట్టినట్టు మసకగా కనిపిస్తుంది. కాస్త మసక ఉన్నా గురి చెడకపోవచ్చు, గుంటలు పడితే వదిలేయండి. తూటా గది కొలతను గన్‌స్మిత్ చేత గేజీతో చూపించుకోకుండా మొదటి తూటా పేల్చకండి. దానికయ్యే ఖర్చు మీ కన్ను కంటే ఎక్కువ కాదు.

6. తూటా ముందు, రైఫిల్ తరవాత

.300 సావేజ్ 1920లో వచ్చింది. 150 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 2,600 అడుగుల వేగంతో పంపుతుంది, తెల్లతోక జింకకు పుష్కలం. ఇప్పటికీ చేస్తున్నారు గానీ ప్రతి షాపులో ఉండదు, వేసవిలోనే తెచ్చి పెట్టుకోవాలి. .250-3000 ముచ్చటైన తూటా. చార్లెస్ న్యూటన్ రూపొందించిన దీన్ని 1915లో సావేజ్ కంపెనీ 87 గ్రెయిన్ల గుండుతో మూడు వేల అడుగుల వేగానికి చేర్చింది, పేరులో ఆ మూడు వేలు అదే. అయితే పాత గొట్టాల్లో మరమెలిక పద్నాలుగు అంగుళాలకు ఒక చుట్టు, బరువైన గుండ్లు అందులో నిలకడగా పోవు. తిప్పలు వద్దనుకుంటే .308 గదితో వచ్చినవి తీసుకోండి. ఏదైనా సరే గొట్టం మీద రాసిన తూటాకూ మీ చేతిలో డబ్బా మీద పేరుకూ అక్షరం తేడా రాకూడదు.

7. స్కోపు మీ కన్ను కోసం, ఫోటో కోసం కాదు

అరవై దాటాక వెనక సైటు, ముందు సైటు, జింక మూడూ ఒకేసారి కనిపించవు. ముందుగా వెనక సైటు అలుక్కుపోతుంది. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు ఈ బాధ చాలావరకు తీరుస్తుంది, కన్ను దానంతట అదే నడిమధ్యకు వెళుతుంది. దట్టమైన అడవిలో వంద గజాల లోపు గురికి అది చాలు, నన్నడిగితే పాత రైఫిల్‌కు అందం కూడా అదే.

నా రైఫిల్‌కు కంపెనీ రంధ్రాలున్నాయి కాబట్టి స్కోపు పెట్టాను, కాలానికి తగ్గట్టు వీవర్ కే4. టెక్సస్ ఎల్ పాసోలో చేసిన ఉక్కు గొట్టం, నాలుగింతలు చూపిస్తుంది. పాత స్కోపు కొనేటప్పుడు ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి తీసి చూడండి, లోపల ఆవిరి పడితే వద్దు. ఆ రోజుల్లో చాలా స్కోపుల్లో గురి సరిచేస్తుంటే అడ్డగీతలే పక్కకు జరిగి కనిపిస్తాయి. చూసి కంగారు పడి పారేయకండి. మౌంటు కింద పలచటి రేకు పెట్టి స్కోపునే సరిగ్గా చూసేలా వాల్చితే గీతలు మధ్యకొస్తాయి. కొత్త స్కోపు పెడితే కనబడటం బాగుంటుందా? ఉంటుంది. దోసకాయంత లావు అద్దాలున్నవి మాత్రం దీని మీద పెట్టొద్దు. చెక్క బుగ్గ ఇనుప సైట్ల ఎత్తుకు చెక్కినది, స్కోపు ఎంత పైకి పోతే మీ దవడ అంత గాలిలో తేలుతుంది. వీలైనంత కురచ రింగులు వాడి, చాలకపోతే తాడుతో కట్టే తోలు బుగ్గమెత్త వేసుకోండి.

8. మెరుగు పెట్టించకండి

లీవర్ మీద నీలం, గోధుమ, బూడిద రంగులు మబ్బుల్లా కలిసి ఉంటాయి. చేతులు తగిలి తగిలి వెలిసిపోయినా అది అసలు రంగు. కొత్తగా నల్లరంగు వేయిస్తే ఉక్కును ముందు రుద్దుతారు, కంపెనీ అక్షరాల అంచులు కరిగిపోతాయి. విప్పిన ప్రతి సైటు, ప్రతి మరమేకు ఒక డబ్బాలో పెట్టి చీటీ రాయండి.

9. మూతి నుంచి శుభ్రం చేస్తారు గనక మూతిని కాపాడండి

బోల్టు రైఫిల్‌కు వెనక నుంచి కడ్డీ దూరుస్తారు. 99లో అది కుదరదు. మూతి నుంచి దూర్చిన కడ్డీ ఏళ్ళ తరబడి అంచును ఒరుసుకుంటే గురి ఎందుకు చెడిందో ఎవరికీ అంతుబట్టదు. వెనక నుంచి ముందుకు లాగే తాడు బ్రష్ వాడండి. కడ్డీయే వాడతానంటే మూతికి ఇత్తడి గైడు పెట్టండి.

10. అడవిలో, ఇంట్లో

తలకు, ఛాతీకి, వీపుకు కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు పెన్సిల్వేనియా నిబంధన. ఎక్కువే వేసుకోండి, తక్కువ వద్దు. నా 99కి సేఫ్టీ లీవర్ మీదే ఉంటుంది, జరిపితే ట్రిగ్గర్, లీవర్ రెండూ బిగుసుకుంటాయి. దాన్ని నమ్మి కంచె దాటకండి, తూటాలు తీసి దాటండి. ఇక్కడి జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఉంది. గేమ్ కమిషన్ గుర్తించిన ప్రాంతాల్లో కొట్టినదైతే తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచండి. జింక కొవ్వు నోట్లో మైనంలా అంటుకుంటుంది, తెల్లగా కనిపించిందల్లా కోసేసి వండితే గోంగూరకు బ్రహ్మాండంగా కలుస్తుంది.

ఇంట్లో తాళం వేసిన ఉక్కు పెట్టెలో ఉండాలి, తూటాలు వేరే తాళంలో. మనవలు వచ్చే ఇంట్లో ఇందులో సర్దుబాటు లేదు. మా ఆవిడ ఒప్పుకున్నది కూడా ఆ షరతు మీదే.

వచ్చే సీజన్ నుంచి ఇది మా అల్లుడు పట్టుకెళతాడు. మొన్న రేంజిలో కాల్చి భుజం రుద్దుకుంటూ "మావయ్యా, మడమ కొంచెం కోసి ప్యాడ్ వేయిద్దామా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బజారుకెళ్ళి తొడిగి తీసేసే తోలు ప్యాడ్ కొనిచ్చాను.