బందోబస్తు డ్యూటీ – పాదాల భద్రత

ప్రశ్న: 44 ఏళ్ల హెడ్ కానిస్టేబుల్‌కు ఆరు నెలలుగా మడమ నొప్పి. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు. రోజూ నొప్పి మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్తున్నారు. ఆపరేషన్ తప్పదా?

జవాబు: ఇప్పుడే ఆపరేషన్ ఆలోచన అక్కర్లేదు. పొద్దున మంచం దిగగానే మడమలో పొడిచినట్టుండి, నాలుగడుగులు వేశాక సర్దుకునే నొప్పికి చాలాసార్లు అరికాలి పొరే కారణం. మడమ నుంచి వేళ్ల దాకా సాగి ఉండే ఈ పొర, గంటల తరబడి సిమెంటు నేల మీద నిలబడేవారిలో దెబ్బతింటుంది. ఎక్స్‌రేలో కనిపించే ఎముక మొన నొప్పి లేనివారిలోనూ ఉంటుంది. పిక్కలు, అరికాలు సాగదీసే వ్యాయామం, బూటులో మడమ కింద మెత్త, అదనపు బరువు తగ్గడం – వీటితో ఎక్కువమందికి ఏడాదిలోపు నయమవుతుంది.

భయపడాల్సింది ఆ రోజువారీ మాత్రకు. చీటీ లేకుండా మందుల షాపులో కొనే డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, బీపీ పెంచుతాయి. ఎండలో నిలబడి, నీళ్లు సరిగా తాగనప్పుడు కిడ్నీలకు రక్తం తగ్గేలా చేస్తాయి. బందోబస్తులో మరుగుదొడ్డి దొరకదని మహిళా పోలీసులు దాహాన్ని అణుచుకుంటారు. వారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. పైగా నొప్పి తెలియకపోతే దెబ్బతిన్న పాదం మీదే మరో పన్నెండు గంటలు నిలబడటం జరుగుతుంది. ఆరు నెలలు మాత్ర మింగడం ఓర్పు కాదు, ఒంటికి చేసుకునే అన్యాయం. నెలల తరబడి వాడినవారు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, బీపీ పరీక్ష ఈ వారమే చేయించుకోవాలి.

ప్రశ్న: ఏడాదిలో రెండుసార్లు వానలో జారిపడిన కానిస్టేబుల్ ఎలాంటి బూట్లు కొనాలి?

జవాబు: అడుగున గాళ్లు అరిగిపోని రబ్బరు సోలు, చీలమండను పట్టి ఉంచే లేసులు ఉండాలి. నిలబడి నిలబడి పాదం ఉబ్బుతుంది కాబట్టి బూట్లు సాయంత్రం కొలిచి తీసుకోవాలి. అయితే రెండుసార్లు పడటానికి బూటొక్కటే కారణం అనుకోకూడదు. వరస రాత్రి డ్యూటీల నిద్రలేమి, మసకబారిన చూపు, షుగరు వల్ల పాదాల్లో తిమ్మిరి ఉన్నాయేమో పరీక్షించాలి. పుష్కర ఘాట్ల నాచు మీద, నిమజ్జనం రోజు తడిసిన రోడ్ల మీద చిన్న అడుగులు వేయాలి. మూతల్లేని డ్రైనేజీలు, కాళ్లకు అడ్డుపడే వైర్లు ఎక్కడున్నాయో సిబ్బందిని నిలబెట్టే ముందే చూడటం, మధ్యలో కూర్చునే వీలు కల్పించడం పై అధికారుల బాధ్యత. ఈ బాధ్యతను కానిస్టేబుల్ బూట్ల మీదికి నెట్టకూడదు.

ప్రశ్న: చీలమండ మెలిపడితే కట్టు కట్టుకుని డ్యూటీ చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. నాలుగడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తప్పనిసరి. మర్దన వద్దు.

ప్రశ్న: బూటులోంచి మేకు దిగింది. చిన్న గాయమే, వదిలేయవచ్చా?

జవాబు: వద్దు. సబ్బుతో కడిగి అదే రోజు డాక్టరుకు చూపాలి. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయినా, చివరి ధనుర్వాతం టీకా వేసి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించాలి.

ప్రశ్న: షుగరున్న ఎస్సైకి అరికాలిలో పుండు. నొప్పి లేదు. సెలవు అవసరమా?

జవాబు: అవసరం. నొప్పి లేకపోవడమే ఇక్కడ ప్రమాద సూచన. నరాలు స్పర్శ కోల్పోయాయని అర్థం. ఆ పాదం మీద బరువు పడినంతకాలం పుండు మానదు. బూట్లు విప్పి, ఈ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.