మహమ్మారి కాలంలో వయోజనుల జింకు మాత్రల వినియోగం: ఒక పరిశీలన

కొవిడ్-19 కాలంలో వయోజనులు జింకు, విటమిన్-సి మాత్రలను విస్తృతంగా వాడారు. ఇందులో శాస్త్రం కన్నా భయం పాలే ఎక్కువ. రోగనిరోధక శక్తికి జింకు అవసరమన్నది నిర్వివాదం. లోపం లేనివారికి అదనపు మోతాదు మేలు చేస్తుందనడం వేరే విషయం. అమెరికాలో 214 మంది వ్యాధిగ్రస్తులపై జరిపిన ప్రయోగంలో (2021) 10 రోజులపాటు రోజుకు 50 మి.గ్రా. జింకు, 8,000 మి.గ్రా. విటమిన్-సి విడివిడిగానూ, కలిపీ ఇచ్చారు. సాధారణ చికిత్సతో పోల్చితే లక్షణాల వ్యవధి గణనీయంగా తగ్గలేదు. ప్రయోజనం కనబడే అవకాశం లేదని ప్రయోగాన్ని మధ్యలోనే నిలిపివేశారు.

భారత వైద్య పరిశోధన మండలి సిఫార్సు (2020) పురుషులకు రోజుకు 17, స్త్రీలకు 13.2 మి.గ్రా.; గరిష్ఠ పరిమితి 40 మి.గ్రా. దీర్ఘకాలం మితిమీరితే పేగులలో రాగి శోషణ తగ్గి రక్తహీనత రావచ్చు. భాస్వరం అధికమైన నేలలో పైరుకు జింకు అందకపోవడం వంటిదే ఇది. నేలను పరీక్షించి జింకు సల్ఫేటు సిఫార్సు చేసే విస్తరణ శాస్త్రవేత్త, మాత్రల గురించి అడిగిన రైతును వైద్యుని వద్దకు పంపడమే ఉచితం.

మన పరిధిలోనిది ఆహారం. రాజేంద్రనగర్‌లో రూపొందిన డి.ఆర్.ఆర్. ధాన్ 45 పాలిష్ బియ్యంలో జింకు 22.6 పి.పి.ఎం.; అంటే 300 గ్రాములకు సుమారు 6.8 మి.గ్రా. మిగిలినది పప్పులు, నువ్వులు, గుడ్లు, మాంసం నుండి రావలసిందే.