ఎన్నికల ప్రచారం, స్థానిక ఆదాయం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్గొండ లోక్‌సభ పరిధిలోని అసెంబ్లీ స్థానాలు. ఒకప్పుడు మిర్యాలగూడ పేరుతోనే లోక్‌సభ స్థానం ఉండేది. 2008 పునర్విభజనలో రద్దయింది.

ఇలాంటి చోట్ల ప్రచారం మొదలైందంటే ముందు పని దొరికేది షామియానా, కుర్చీలు అద్దెకిచ్చేవాళ్లకు, మైకు కట్టిన ఆటోలకు, వంటవాళ్లకు. ఆర్థికవేత్త కేన్స్ చెప్పిన గుణకం (ఒక ఖర్చు చివరికి ఎన్ని రెట్ల ఆదాయం తెస్తుందన్న లెక్క) ఇక్కడే పనిచేస్తుంది. గుణకం = 1/(1 - ఉపాంత వినియోగ ప్రవృత్తి). ఆ ప్రవృత్తి, అంటే అదనంగా వచ్చిన ఆదాయంలో ఖర్చు చేసే వాటా, 0.75 అయితే గుణకం 4. అయితే డబ్బు ఊళ్లో తిరిగినంత వరకే ఈ లెక్క. వంటమనిషి కూలి స్థానిక కిరాణా కొట్టుకే చేరుతుంది. బయటి నుంచి తెప్పించిన ఫ్లెక్సీ గుడ్డ ఖరీదు ఊరు దాటిపోతుంది. దీన్నే లీకేజీ అంటారు. పైగా ఈ ఆదాయం కొన్ని వారాలదే, శాశ్వత ఉపాధి కాదు.

ఎన్నికల నిబంధనల 2022 సవరణ ప్రకారం తెలంగాణలో అభ్యర్థి వ్యయ పరిమితి అసెంబ్లీకి రూ.40 లక్షలు, లోక్‌సభకు రూ.95 లక్షలు. పార్టీల ఖర్చుకు పరిమితి లేదు. ఇది పెద్ద లోపమే. ఫలితం వెలువడిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్కలు ఇవ్వాలి (ప్రజాప్రాతినిధ్య చట్టం, సెక్షన్ 78); సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే 3 ఏళ్ల అనర్హత (సెక్షన్ 10ఏ).

ఎన్నికల నిబంధనల విషయంలో నల్గొండ ఇచ్చిన అసలు పాఠం 1996 నాటిది. ఫ్లోరైడ్ నీటి గోడు వినిపించడానికి వందలాది మంది నామినేషన్లు వేయడంతో నల్గొండ లోక్‌సభ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. అప్పటికి జనరల్ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ రూ.500 మాత్రమే; ఆ ఏడాదే దాన్ని రూ.10,000 చేశారు. పోటీ పరీక్షల మెయిన్స్ జవాబులో ఈ ఉదాహరణ తప్పక రాయండి.