ఊరు మారే ఉయ్యాల

మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతరకు వెళ్ళినవాళ్ళలో చాలామంది గొలుసు కుర్చీల రాట్నం ఎక్కే వుంటారు. ఈసారి నేను ఎక్కినది అంతకు ముందు నెలంతా విశాఖపట్నంలో ఒక ఎగ్జిబిషన్‌లో తిరిగినదే. మా పెద్దనాన్న కొడుకు ఆ రాట్నం మీద పని చేస్తున్నాడు. దాన్ని ముక్కలుగా విప్పి, లారీల్లో ఘాట్ రోడ్డు ఎక్కించి తెచ్చారు. బైలదిల్లా ఇనుప ఖనిజం మన అరకు మీదుగా గూడ్సు బండిలో విశాఖ ఉక్కు కర్మాగారానికీ, పోర్టుకీ దిగుతుంది కదా. "కొండ దిగిన ఇనుము రాట్నమై మళ్ళీ కొండెక్కిందిరా" అని అన్న నవ్వాడు.

ఇలా ఊరు మార్చడం ఎప్పుడూ ఇంత సులువు కాదు. 1893లో అమెరికాలోని చికాగో నగరంలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ ఆ సందర్భంగా జరిగినదే. అక్కడ ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరు 264 అడుగుల ఎత్తు జెయింట్ వీల్ కట్టాడు. దానికి 36 బోగీలు, ఒక్కో దాంట్లో 60 మంది! అంటే ఒకేసారి 2160 మంది. మన పాఠశాల పిల్లలందరూ ఎక్కినా ఇంకా చోటు మిగులుతుంది. దాని ఇరుసు ఒక్కటే సుమారు 40 టన్నులు.

ఎగ్జిబిషన్ అయిపోయింది. చక్రాన్ని విప్పి 1895లో అదే నగరంలో ఇంకోచోట నిలబెట్టారు. అక్కడ జనం సరిగా రాలేదు. 1896లో ఫెర్రిస్ టైఫాయిడ్‌తో చనిపోయాడు. 1904లో చక్రాన్ని సెయింట్ లూయిస్ అనే మరో నగరానికి తీసుకెళ్ళారు. మూడోసారి మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. 1906లో డైనమైట్ పెట్టి కూల్చేశారు. చదువుతుంటే నాకు ఆ ఇంజనీరు మీద జాలేసింది.

ఆ చక్రం ఎక్కినవాళ్ళలో సల్లివన్ అనే ఇంకో వంతెనల మనిషి వున్నాడు. అతడు 1900లో 12 సీట్ల చిన్న చక్రం చేశాడు. తర్వాత అలాంటివి విప్పి మోసుకుపోయేలా చేసి అమ్మాడు. ఇప్పుడు జాతరలకి వచ్చేవన్నీ ఆ దారివే. బోల్టులు, పిన్నులు తీస్తే ముక్కలు, బిగిస్తే రాట్నం. అయితే ఎన్నిసార్లు విప్పితే అన్నిసార్లు ఏదో ఒకటి బిగించడం మరిచిపోయే అవకాశం కూడా వుంది.

ఇక లెక్కకి వద్దాం. తిరిగేటప్పుడు కుర్చీ మధ్య స్తంభానికి 6 మీటర్ల దూరంలో వుండి, 6 సెకన్లకి ఒక చుట్టు తిరుగుతోందనుకోండి. వేగం సెకనుకి సుమారు 6.28 మీటర్లు. వేగం వర్గాన్ని 6 × 9.8 చేత భాగిస్తే 0.67 వస్తుంది. అది గొలుసు వాలిన కోణం యొక్క టాంజెంటు. కోణం 34 డిగ్రీలు. గమనించారా, ఇందులో బరువు ఎక్కడా లేదు! లావుపాటివాడి కుర్చీ, బక్కవాడి కుర్చీ, ఖాళీ కుర్చీ అన్నీ ఇంచుమించు ఒకేలా వాలుతాయి. కాని గొలుసు మీద లాగుడు మాత్రం బరువుని బట్టే. 30 కిలోల పిల్లవాడికి ఆ కోణంలో గొలుసు 36 కిలోల బరువు మోసినట్టు లాగాలి. 5 సెకన్లకి ఒక చుట్టు తిప్పితే అది దాదాపు 42 అవుతుంది.

జాతర మొదటిరోజు సాయంత్రం క్యూ రోడ్డు దాకా వచ్చేసింది. యజమాని "ఖాళీగా ఓ రౌండు తిప్పాం కదా, బాగానే వుంది, ఎక్కించెయ్" అన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "ఖాళీ కుర్చీ ఎప్పుడూ బాగానే తిరుగుతాది బాబూ" అని ప్రతి కుర్చీలోనూ ఇసుక బస్తా కట్టించాడు. జనం కేకలేశారు. నాలుగు రౌండ్లు తిప్పి ఆపి, టార్చిలైటు వేసి ఒక్కో గొలుసూ చూసుకుంటూ వచ్చాడు. ఒక కుర్చీకి పైన పిన్ను వంగిపోయి, సగం బయటికి జారి వుంది. ఆ కుర్చీ విప్పేసి పక్కన పెట్టాడు. యజమాని మొహం మాడ్చుకున్నాడు గాని ఏమీ అనలేదు. ఆ రాత్రి ఒక కుర్చీ తక్కువతోనే తిరిగింది.

మీరు ఎక్కినప్పుడు కూర్చోగానే మీ ముందు అడ్డంగా వేసే గొలుసు కొక్కెం పడిందో లేదో చేత్తో లాగి చూడండి. పడకపోతే వెంటనే గట్టిగా అరవండి. తిరగడం మొదలయ్యాక మోటారు చప్పుడులో ఎవరికీ వినబడదు.

— 10వ తరగతి విద్యార్థి