బూట్లు విప్పకముందే

విదేశానికి వెళ్లేవాడికి ఆవకాయ ఎలా ప్యాక్ చేసుకోవాలో పదిమంది చెబుతారు. పోస్టు డబ్బా సంగతి ఒక్కరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదేమో, అది వేరే సంగతి.

ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఓ చిన్న ఊళ్లో ఉద్యోగానికి దిగిన కొత్తలో నా డబ్బాలో వారానికి రెండు మూడు కవర్లు పడేవి. అన్నీ జర్మన్‌లోనే. తెచ్చి ఫ్రిజ్ మీద పడేసేవాణ్ని, ఆదివారం చూద్దాంలే అని. ఆదివారం అమ్మతో వీడియో కాల్, ఆపైన నిద్ర. ఎనిమిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు నాన్న కంటపడకుండా బియ్యం డబ్బా వెనక దాచిన ఘనుణ్ని. దేశం మారింది గానీ ఆ దాచే చెయ్యి మారలేదు.

ఓ రోజు పసుపు కవరు వచ్చింది. గుండె దడతో ఆఫీసులో ఒకాయన చేత చదివించుకున్నాను. 30 దాటకూడని వీధిలో నేను 42లో కారు నడిపానట. అంతకుముందు వచ్చిన తెల్ల కవరు చూసి వారంలో 50 యూరోలు కట్టేస్తే గొడవే లేదు. అది ఫ్రిజ్ మీద భద్రంగా ఉంది. ఇప్పుడు ఖర్చులతో కలిపి 78.50. డబ్బు పోతే పోయింది, తెలిసొచ్చింది వేరు. పసుపు కవరు మీద పోస్ట్‌మ్యాన్ తారీఖు వేసి డబ్బాలో పడేస్తే మనకు అందినట్టే లెక్క. జరిమానాకు అభ్యంతరం చెప్పడానికి ఆ రోజు నుంచి రెండు వారాలే. మీరు చింపారా లేదా అన్నది వాళ్లకు అనవసరం.

భాష వచ్చాక చూసుకుందాం అంటారా? కవరే చింపని వాడికి భాష ఎక్కణ్నుంచి వస్తుందండీ! మనం పని వాయిదా వేసేది టైము చాలక కాదు, అది తెచ్చే చిరాకు నుంచి తప్పించుకోవడానికేనని కెనడా మనస్తత్వవేత్త టిమోతీ పిచిల్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. నా ఫ్రిజ్ చూసే చెప్పారేమో.

ఆ దెబ్బతో ఒక్క అలవాటు పట్టుకున్నాను. ఆఫీసు నుంచి రాగానే డబ్బా తెరుస్తాను. పైకెక్కి, బూట్లు విప్పకుండా, కోటు తీయకుండా, నిలబడే కవరు చింపుతాను. కూర్చున్నామా, చెడ్డామే. టీ అంటాం, టీతోపాటు ఫోను. ఉత్తరం మొత్తం అర్థం కానక్కర్లేదు. మూడే వెతుకుతాను. పైన ముదురక్షరాల్లో ఉన్న విషయం, యూరో గుర్తు పక్కన అంకె, 'బిస్' అన్న మాట పక్కన తారీఖు. బిస్ అంటే 'వరకు'. నేను నిజంగా నేర్చుకున్న మొదటి జర్మన్ మాట అదే. తారీఖు గోడ క్యాలెండర్‌లోకి ఎక్కాకే బూట్లు విప్పుతాను. తర్వాత తీరిగ్గా ఫోన్ కెమెరాతో అనువాదం, రెండు చిల్లులు పొడిచి ఫైల్లోకి. మొదట్లో కడుపులో తిప్పేది. పోనుపోను చూస్తే సగం కవర్లు మంచివే: బ్యాంకు పిన్ను, ఆరోగ్య బీమా కార్డు, పన్ను నంబరు. ఆ నంబరు ఆఫీసుకు ఇవ్వకుండా కూర్చుంటే జీతంలో అన్నిటికన్నా పెద్ద కోత ఉండే ఆరో తరగతి పన్ను పడొచ్చు. అంటే నా డబ్బు కూడా ఫ్రిజ్ మీదే పడుందన్నమాట.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోండి. డబ్బా మీద మీ పేరు అతికించండి, లేదంటే పోస్టు వెనక్కి పోతుంది. అద్దె ఇంట్లో పొయ్యి, సింకు కూడా ఉండకపోవచ్చు, సంతకం పెట్టకముందే అడగండి. అడ్వాన్సు మూడు నెలల మూల అద్దె దాటకూడదు. ఆదివారం కొట్లు మూత, కందిపప్పు శనివారమే తెచ్చుకోండి. రాత్రి పది దాటాక మిక్సీ వద్దు. ఇంట్లో టీవీ లేకపోయినా టీవీ, రేడియో చందా నెలకు 18.36 యూరోలు కట్టాల్సిందే. వాదించకండి, నేను వాదించి చూశాను.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన ఖమ్మం కుర్రాడు మెల్లగా నా దగ్గరికొచ్చి, "అన్నా, ఇది పది రోజుల నుంచి బ్యాగులోనే ఉంది" అంటూ పసుపు కవరు తీశాడు. ముందు తిట్టాను. తర్వాత కవరు మీద తారీఖు చూశాం. ఇంకా నాలుగు రోజులుంది. క్యాంటీన్లో నిలబడే చింపాం. కాఫీ మాత్రం వాడి చేతే కొనిపించాను.